గొలుసుమాటలూ రెండు చెవుల కప్పూ

మా ఇంట్లో అన్నానికి కూర్చునే ముందు రెండు పనులు చేయాలి. చేతులు కడుక్కోవాలి, ఒక పాత ఇంగ్లీషు మాట చెప్పాలి. ఏది మరిచినా పీట మీద నుంచి లేపేవారు.

మొదలుపెట్టేది తాత. ఆయన మాట ఏ అక్షరంతో ముగిసిందో ఆ అక్షరంతో పక్కవారు ఇంకో మాట అందుకోవాలి, వెంటనే దాని అర్థం చెప్పాలి. వాడుకలో ఉన్న మాటలు పనికిరావు. బస్సు, టికెట్టు, సినిమా వంటివి బజారు మాటలు; వాటిని పళ్ళెం దగ్గరికి రానిచ్చేవారు కారు. తాత ‘ఫోర్సూత్’ అనేవారు. నిజంగానే సుమా అని అర్థం. అది హెచ్‌తో ముగుస్తుంది గనుక మా నాన్న ‘హిదర్’ అనేవారు, అంటే ఇటువైపు. దాని చివర ఆర్. మా మేనత్త క్షణం ఆగకుండా ‘రెటిక్యూల్’ అనేది. దొరసానులు మణికట్టుకు వేలాడదీసుకొనే చిన్న చేతిసంచి. దాని చివర ఇ. ఇక నా వంతు. ఇ తో నాకు తెలిసిన మాట ఒక్కటే, ‘యూవర్’. వెడల్పు మూతి ఉన్న నీళ్ళ కూజా. పలకడం ఎలా ఉన్నా రాతలో అది ఇ తోనే మొదలవుతుంది. పప్పు మీద నెయ్యి పేరుకుపోతుండగా, అందరూ నా వైపే చూస్తుండగా, ఆ మాట గొంతులోంచి బయటపడే ముందు నా గుండె ఎలా కొట్టుకొనేదో, ఇప్పుడు అరవై దాటిన తరువాత కూడా మాటల ఆట అనగానే అలాగే కొట్టుకుంటుంది. దీన్ని మా ఇంట్లో గొలుసు అనేవారు.

ఆ మాటల్లో కొన్ని అట్టలు ఊడిన పుస్తకాల నుంచి వచ్చాయి. ఎక్కువ భాగం మాత్రం సామాను నుంచి వచ్చాయి. బోధన్ చుట్టూ చెరుకు కొత్తగా పెరుగుతున్న రోజుల్లో అక్కడ ఉద్యోగం చేసిన తెల్లదొర ఒకాయన దేశం విడిచి పోతూ ఇంటి సామానంతా వేలం వేశాడట. తాత బేరమాడకుండా మొత్తం కొన్నారు. ఎడ్లబండ్ల మీద వచ్చిన ప్రతి వస్తువుకూ దారంతో ఒక చీటీ కట్టి ఉంది, చీటీ మీద దాని పేరు. పేరుంది గాని దాన్ని ఏం చేసుకోవాలో లేదు. అడిగితే ఎవరో ఒకరు చెప్పేవారే. కాని అడగడం మా ఇంట్లో లేదు. ఊరంతా వచ్చి మమ్మల్ని అడిగేది. మేం ఎవరినీ ఏమీ అడిగేవాళ్ళం కాదు. అందుకని ప్రతి వస్తువుకూ తాతే ఒక పని నిర్ణయించారు. ఆయన నిర్ణయించిందే దాని అర్థమైంది.

‘ఆంటిమకాసర్’ అని అంచులకు లేసు కుట్టిన తెల్ల గుడ్డలు వచ్చాయి. పెద్ద మనుషులు ఇంటికి వస్తే వాటిని శాలువాలుగా కప్పేవారు. ‘మఫినీర్’ అని మూతకు చిల్లులున్న వెండి డబ్బా వచ్చింది. పెళ్ళి ఊరేగింపుల్లో అందులో బుక్కగులాల్ పోసి చల్లేవారు. ‘టాంటలస్’ అని గాజు సీసాలను బిగించి తాళం వేసే కర్ర చట్రం వచ్చింది. సీసాలు తీసేసి అందులో ఊరగాయ జాడీలు పెట్టారు. ‘క్యాంటర్బరీ’ అని పొట్టి కాళ్ళు, నిలువు అరలు ఉన్న పీట వచ్చింది. అందులో తాత తమలపాకుల కట్టలు పెట్టుకొనేవారు.

తరువాత జరిగింది ఈ జిల్లాలో చాలా ఇళ్ళకు జరిగిందే. భూములు పోయాయి, కోటలాంటి మా గడి పోయింది, సామాను ఒక్కొక్కటే హైదరాబాదు దుకాణాలకు చేరింది. మాటలను మాత్రం ఎవరూ కొనలేదు గనుక అవి మా దగ్గరే ఉన్నాయి. మా వంశంలో నెల జీతం తీసుకున్న మొదటివాణ్ణి నేను. సహకార బ్యాంకులో పని చేసి రిటైరయ్యాను. నిజామాబాద్ మార్కెట్ యార్డు వెనుక ఒక మేడ మీద అద్దెకు ఉంటున్నాం, నేనూ, ఎనభై దాటిన మా మేనత్తా. వస్తువుల్లో మిగిలింది క్యాంటర్బరీ ఒక్కటే. ఒక కాలు విరిగింది గనుక దాన్ని కొనడానికి ఎవరూ రాలేదు. ఇటుక ముక్క ఆనించి నిలబెట్టాం. అందులో ఇప్పుడు అత్త మాత్రలు, కరెంటు బిల్లులు, ఎప్పటిలాగే తమలపాకులు ఉంటాయి.

ఇంటి బయట మిగిలింది ఒక కప్పు. రెండు పక్కలా పట్టుకొనే చెవులున్న పెద్ద వెండి కప్పు. తాత దాన్ని పట్టణంలోని పాత క్లబ్బుకు ఇచ్చారు. దాని మీద ఆయన పేరు చెక్కి ఉంది. ఏటా పసుపు పంట మార్కెట్టుకు వచ్చే రోజుల్లో ఆ క్లబ్బులో, మా ఇంటి నుంచి అక్కడికి పాకిన గొలుసు ఆటలో జోడీలకు పోటీ పెడతారు. గెలిచిన జోడీ కప్పును ఏడాది పాటు ఇంట్లో ఉంచుకుంటుంది. వరసగా మూడుసార్లు గెలిస్తే అది వారి సొంతం.

నేను ఎన్నడూ ఆ పోటీకి పోలేదు. మేం ఇచ్చిన కప్పు కోసం మేమే పోయి వరసలో నిలబడటమేమిటని. కాని నిరుడు తెలిసింది, బోధన్ దగ్గర కాలువ కింద సాగు చేసే ఒక కోస్తా కుటుంబం వారు వరసగా రెండోసారి గెలిచారని. ఈసారి గెలిస్తే కప్పు వారి షోకేసులో ఉండిపోతుంది. ఈ పట్టణంలో మా తాత పేరు రాసి ఉన్న వస్తువు అదొక్కటే. మొన్న మార్కెట్టు వీధి పసుపు దుమ్ముతో పచ్చబడగానే ఇస్త్రీ చొక్కా వేసుకొని పేరు రాయించడానికి బయలుదేరాను.

క్లబ్బు కార్యదర్శికి పాత బస్తీలో గడియారాల దుకాణం ఉంది. వాళ్ళ నాన్న మా గడిలో గోడ గడియారాలకు కీ తిప్పేవారు. పోటీకి న్యాయనిర్ణేత ఆయనే, నిఘంటువు ఉండేదీ ఆయన దగ్గరే. కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే పలకరించాడు.

“ఆయియే సాబ్. ఇన్నేండ్లకు మా దుకాణం యాదికొచ్చిందా? గడియారం ఆగిందా?”

“పేరు రాయించుకునేటందుకొచ్చిన. గొలుసు ఆటకు.”

అప్పుడు భూతద్దం తీశాడు. “మీరా? జోడీ ఎవరు?”

“మా అత్త.”

“దొరసానమ్మ ఇంకా గట్టిగనే మాట్లాడుతదా?”

“మాట్లాడకుంట ఉండమంటేనే కష్టం.”

నవ్వుతూ పేరు రాసుకొని నియమాలు చెప్పాడు. మాటకు అర్థం తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పాలి. ఎదుటివారికి అనుమానం వస్తే ‘తెరవండి’ అనవచ్చు, అప్పుడు నిఘంటువు తెరుస్తారు. అర్థం తప్పైతే చెప్పినవారు ఓడినట్టు, ఒప్పైతే అనుమానించినవారు ఓడినట్టు. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు చెల్లవు. ఒకసారి చెప్పిన మాట ఆ రోజుకు మళ్ళీ చెల్లదు.

“ఇంకొకటున్నది సాబ్. అడిగే హక్కు. మాట తెలిసి మతలబ్ తెల్వకపోతే ఎదుటోళ్లను అడగొచ్చు. వాళ్లు చెప్పిన్రంటే మీరు ఓడినట్టు. వాళ్లకూ రాకపోతే మీరు గెలిచినట్టు. మా నాయన పెట్టిండు ఈ కాయిదా. ఇప్పటిదాక ఎవ్వరు వాడలె.”

“ఎందుకు వాడలె?”

“నలుగుర్ల నిలబడి నాకు తెల్వదని ఎవరంటరు సాబ్? సరే, ఒక మాట చెప్పుండ్రి, జర చూద్దాం.”

“టాంటలస్.”

“మతలబ్?”

“ఊరగాయ జాడీలు పెట్టి తాళమేసే చట్రం.”

ఆయన బల్ల మీద చెయ్యి కొట్టి నవ్వాడు. విప్పి పెట్టిన గడియారం పళ్ళ చక్రాలు ఎగిరిపడ్డాయి. “ఊరగాయనా? అది శరాబ్ సీసాల చట్రం సాబ్. నౌకర్లు తాగకుంట తాళమేస్తరు. సీసాలు కంటికి కనబడతయి, చేతికి రావు.”

“మా ఇంట్ల ఊరగాయనే.”

“మీ ఇంట్ల సరే. పోటీల డిక్షనరీదే నడుస్తది.”

ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను. బాధపడుతుందనుకున్నాను. తమలపాకు ఈనె తీస్తూ ఆగి, కళ్ళు పెద్దవి చేసింది.

“శరాబ్ సీసాలా? గందుకేనా మీ తాత దోస్తులు ఆ జాడీలను జూసి మూతి మీద చెయ్యి పెట్టుకునెటోళ్లు. అయితే మిగిలినయి గూడ గట్లనే ఉంటయా?”

“ఉండొచ్చు.”

“మరి ఫోన్ల సూడరాదు. అన్ని జెప్తదట గద.”

“ఫోన్‌ను అడిగినా అడిగినట్టే అత్తా.”

“ఎవరికి తెలుస్తది?”

“నాకు తెలుస్తది.”

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. “అచ్చం మీ తాతవే,” అంది. అది మెప్పో దెప్పో చెప్పలేదు.

ఆ వారం రోజులూ మా మేడ మీద పండుగే. కింద లారీలు పసుపు బస్తాలు దించుతుంటే, మరాఠీ బేరాలూ తెలుగు తిట్లూ కలిసి కిటికీలోంచి వస్తుంటే, మేం మాటలు విసురుకొనేవాళ్ళం. అత్త పొయ్యి దగ్గర నుంచి ‘పాసెట్’ అనేది, పాలలో మద్యం పోసి విరిచిన వేడి పానీయం. నేను గడ్డం గీసుకుంటూ ‘ట్రెంచర్’ అనేవాణ్ణి, మాంసం కోసుకు తినే చెక్క పళ్ళెం. ఆమె ‘రష్‌లైట్’, కొవ్వులో ముంచిన రెల్లుపుల్ల దీపం. నేను ‘టిప్పెట్’, భుజాల మీద వేసుకొనే బొచ్చు గుడ్డ. ఏళ్ళ తరబడి నాలుక మీదికి రాని మాటలు ఒకదాని చివర పట్టుకొని ఒకటి లేచి వస్తుంటే మాకు కూర మాడిన వాసన కూడా తెలిసేది కాదు. ఒకరోజు కింది వాటా అమ్మాయి పైకి వచ్చి, “అవ్వా, మీరిద్దరు కొట్లాడుతున్నరా?” అని అడిగింది. “లేదు బిడ్డ, ఆడుతున్నం,” అంది అత్త, రొప్పుతూ.

పోటీనాడు ఆమె కంచి పట్టుచీర కట్టింది. అంచు చిరిగిన చోటు కుచ్చిళ్ళలోకి పోయేలా కట్టింది. ఆటో దిగి క్లబ్బు మెట్లెక్కుతూ నా చెయ్యి పట్టుకోలేదు.

కప్పును బల్ల మీద పెట్టారు. తాత పేరు అరిగింది గాని చదవడానికి వస్తుంది. దాని పక్కనే నిలబడి ఉంది నిరుడు గెలిచిన కోస్తా జోడీ. ఆమె ఇంగ్లీషు టీచరుగా రిటైరైంది. నుదుటి మీద పెద్ద బొట్టు, చేతిలో ప్లాస్టిక్ బుట్ట. ఆమె భర్త రైతు, ఎండకు కమిలిన మనిషి. నమస్కారం పెట్టి ఊరుకున్నాడు.

“నమస్కారమండీ,” అంది టీచరమ్మ. “మీ తాతగారి కప్పు మా ఇంట్లో ఎంత మెరుస్తోందో చూశారా? వారం వారం చింతపండు పెట్టి నేనే తోముతానండీ.”

నాకంటే ముందే అత్త అంది, “చింతపండు ఇత్తడికి బెడతరమ్మా. వెండికి ఇబూది.”

“అలాగాండీ. ఈ ఏడాది నుంచి విభూతే పెడతాను లెండి.”

“ఈ ఏడాది మేం బెట్టుకుంటం తియ్యి.”

వెనక కుర్చీల్లో ఎవరో ఈల వేశారు.

పొద్దుటి నుంచి జోడీలు ఒక్కొక్కటే రాలిపోయాయి. మాకు మా ఇంటి సామాను పేరు చెప్పాల్సిన అవసరం అంతగా రాలేదు. వచ్చినా చెప్పకుండా తప్పించుకున్నాను. మధ్యాహ్నానికి మేం, వారు మిగిలాం. హాలు నిండిపోయింది. మార్కెట్ యార్డు నుంచి నేరుగా వచ్చినవాళ్ళ బట్టల పసుపు కుర్చీలకు అంటుకుంది.

కార్యదర్శి నిఘంటువును ఒళ్ళో పెట్టుకున్నాడు. “చక్కెర జిల్లా కాబట్టి ఎస్ తోని షురూ చేద్దాం,” అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. “స్పిటూన్. తాంబూలం ఉమ్మే పాత్ర.” చివర ఎన్.

టీచరమ్మ తడుముకోలేదు. “నోజ్‌గే. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసే చిన్న పూలగుత్తి.” చివర వై.

“యాండర్,” అంది అత్త కూర్చునే. “అగో, గా అవుతల.” చెయ్యి చాపి కిటికీ బయట ఎటో చూపింది. సగం హాలు అటు తిరిగి చూసింది. చివర ఆర్.

“రాప్‌స్కాలియన్. పనికిమాలిన అల్లరివాడు.” టీచరమ్మ భర్త వైపు చూసింది. ఆయన తల వంచుకొని నవ్వాడు. మళ్ళీ ఎన్.

నాకు వెంటనే తట్టింది. “నన్చన్. పొద్దెక్కినంక తినే చిరుతిండి.”

ఆమె ఆగింది. ఆ మాట ఆమెకు తెలియదు. ‘తెరవండి’ అనడానికి నోరు తెరిచింది, నేను చూశాను. ఇది సామాను మాట కాదు, నాన్న పుస్తకంలోది, అర్థం సరైనదే. తెరవమంటే కప్పు మాది. అనమ్మా, అను, అనుకుంటూ నిలబడ్డాను. ఆమె భర్త బల్ల కింద నుంచి ఆమె మోచేతిని తాకాడు. ఆమె నోరు మూసుకుంది. నా ముఖం చూసి ఏదో పోల్చుకున్నట్టు నవ్వింది.

“నాన్కీన్,” అంది. “పసుపు పచ్చటి నూలుగుడ్డ. ఈ రోజుల్లో మన యార్డులో హమాలీల బనీన్లు ఉంటాయే, ఆ రంగు.” వెనక వరసలన్నీ చప్పట్లు కొట్టాయి. మళ్ళీ ఎన్.

“నిన్కంపూప్,” అంది అత్త. “తెలివిలేని దద్దమ్మ.” ఈసారి నా వైపు చూసింది. హాలు గొల్లుమంది. చివర పి.

టీచరమ్మ గొంతు సవరించుకుంది. “ఫిజిక్. పాతకాలపు మందు.” ఎఫ్ కాదు, రాతలో పి. సరైనదే. చివర సి.

సి అనగానే వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకున్నాను. పొద్దుటి నుంచి సి మీద మాటలన్నీ ఖర్చైపోయాయి. చెప్పులు కుట్టే కార్డ్‌వైనర్, కొవ్వొత్తులు అమ్మే చాండ్లర్, బండి మీద పండ్లమ్మే కాస్టర్‌మాంగర్. అన్నిటినీ ఎవరో ఒకరు చెప్పేశారు. ఎంత వెతికినా ఒకే మాట మిగిలింది. ఇటుక ముక్క మీద నిలబడి, అత్త మాత్రలు మోస్తున్న మాట.

లేచి చొక్కా సర్దుకున్నాను. “క్యాంటర్బరీ,” అన్నాను.

టీచరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. అర్థం చెప్పడానికి ఊపిరి పీల్చుకున్నాను. తమలపాకులు పెట్టుకొనే పీట. మా తాత చెప్పిన అర్థం. చిన్నప్పటి నుంచి నా కళ్ళతో చూస్తున్న అర్థం.

అత్త నా చొక్కా అంచు పట్టి లాగింది. “ఆగు బిడ్డ. ఊరగాయ చట్రం సంగతి మరిచినవా?”

“మరువలె,” అన్నాను గొంతు తగ్గించి. “అయినా అడుగుడు మన ఇంట్ల లేదు అత్తా.”

“ఇల్లే లేకపాయె. ఇంట్ల లేనిదేంది, ఉన్నదేంది?”

ఎదురుగా కప్పు మీద తాత పేరు కనిపిస్తోంది. ఆ పేరుగల మనిషి ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆయన కప్పు ముందు నిలబడి నాకు తెలియదని నేను అనలేను. అదే సమయంలో నోటిలో ఉన్న అర్థం తప్పైతే ఆ పేరు ఇప్పుడే, ఇక్కడే, ప్లాస్టిక్ బుట్టలో పడి బోధన్ పోతుంది. అది కూడా నాకు తెలుసు. కార్యదర్శి, “సాబ్, మతలబ్?” అని గుర్తు చేశాడు.

అత్త బల్ల మీద రెండు చేతులూ ఆనించి లేచింది. పొద్దుటి నుంచి ఆమె లేవడం అదే మొదలు.

“అమ్మా టీచరమ్మా,” అంది, హాలంతా వినబడేలా. “క్యాంటర్బరీ అంటే మాకు తెల్వదు. నీకు తెలిస్తే జెప్పు.”

నా చెవులు కాలిపోయాయి. కార్యదర్శి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “అడిగే హక్కు. దొరసానమ్మ అడిగే హక్కు వాడింది,” అన్నాడు, వాళ్ళ నాన్నకు వినిపించాలన్నట్టు.

టీచరమ్మ భర్త వైపు చూసింది. ఆయన అడ్డంగా తల ఊపాడు. ఆమె పెదవి కొరుక్కుంది. తరువాత తల ఎత్తి, “అది ఊరి పేరండీ,” అంది గట్టిగా. “ఇంగ్లండులో పెద్ద చర్చి ఉన్న ఊరు. ఊరి పేరు ఈ ఆటలో చెల్లదు కదా. అసలు మాటే చెల్లదు.”

అది నేను ఊహించని దెబ్బ. ఊరి పేరు తప్ప ఇంకో అర్థం నిఘంటువులో లేకపోతే మేం ఓడినట్టే. మా సామాను చీటీ మీద ఉన్న మాటకు ప్రపంచంలో వేరే సాక్ష్యం ఉందో లేదో నాకు ఆ క్షణం దాకా ఆలోచనే రాలేదు.

కార్యదర్శి వేలు తడి చేసుకొని పేజీలు తిప్పాడు. ముందుకు పోయాడు, వెనక్కి వచ్చాడు. భూతద్దం పెట్టుకున్నాడు. అత్త నా చెయ్యి పట్టుకుంది. మెట్లెక్కేటప్పుడు పట్టుకోని మనిషి, ఇప్పుడు గోళ్ళు దిగేలా పట్టుకుంది.

“ఉన్నది,” అన్నాడు. “ఊరు కూడ ఉన్నది. దాని కింద ఇంకోటున్నది. పొట్టి కాళ్ళు, అరలు ఉన్న పీట. పాటల కాగితాలు, పత్రికలు పెట్టుకునేటందుకు.” భూతద్దం తీసి అటూ ఇటూ చూశాడు. “మాట చెల్లుతది. మతలబ్ ఎదుటోళ్లకు రాలె. కప్పు సాబ్ వాళ్లది.”

హాలు లేచింది. ఎవరెవరో వచ్చి నా చేతులు ఊపుతున్నారు. అత్త మాత్రం కూర్చుండిపోయి, “పాటల కాగితాలట,” అని నవ్వుతోంది. “పాటల కాగితాలు బెట్టేదాంట్ల గోలీలు బెట్టినం.” నాకూ నవ్వు వచ్చింది, ఆపుకుందామంటే ఆగలేదు. నా పళ్ళు ఇంతమంది ముందు కనబడి ఎన్నేళ్ళైందో.

టీచరమ్మ దగ్గరికి వచ్చింది. కళ్ళలో కొంచెం తడి ఉంది గాని నిటారుగానే ఉంది. “మీరు ఏదో ఒక అర్థం చెప్పి ఉంటే నేను తెరవమనేదాన్నండీ. ఊరి పేరేనని నా నమ్మకం. ఇంతకీ మీరేమని చెప్పబోయారు?”

“తమలపాకుల పీట,” అన్నాను.

ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. “అయితే కప్పు మా ఇంటికే వచ్చేదండీ.”

“మా అత్త లేకపోతే వచ్చేది.”

కార్యదర్శి కప్పు తెచ్చి అత్త చేతుల్లో పెట్టాడు. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. “మీ తాత దీన్ని క్లబ్బుకెందుకిచ్చిండో ఎరుకేనా?” అని నన్ను అడిగింది.

“పట్టణానికి ఒక గుర్తుంటదని.”

“గుర్తూ లేదు, గాడిదగుడ్డూ లేదు. వేలంల వచ్చిన సామాన్ల దీనికొక్కదానికే ఏం పని జెప్పాల్నో ఆయనకు తోచలె. లవింగ్ కప్పని చీటీ ఉండె. రెండు చెవులెందుకో అర్థం గాలె. బియ్యం కొలిచి జూసిండు, తులసి చెట్టు బెట్టి జూసిండు. ఆఖరికి యిసిగి క్లబ్బుకిచ్చేసిండు.”

చిన్నప్పటి నుంచి తల ఎత్తుకొని చెప్పుకున్న దానం అది. అయినా ఆ క్షణం నాకు కోపం రాలేదు. తులసి చెట్టు పట్టుకొని ఆ కప్పు ముందు తికమకపడుతున్న తాత కళ్ళ ముందు కనబడ్డారు. ఆయన్ని అలా నేను ఎన్నడూ చూడలేదు. టీచరమ్మ వైపు తిరిగాను.

“రెండు చెవులు ఎందుకండీ దానికి?” అని అడిగాను.

“అందించడానికండీ,” అంది ఆమె, అదేమంత పెద్ద సంగతి కానట్టు. “విందులో ఒకరు తాగి పక్కవారికి ఇస్తారు. ఇచ్చేవారు ఒక చెవి పట్టుకుంటే పుచ్చుకొనేవారు రెండోది పట్టుకుంటారు. అలా అందరూ అదే కప్పుతో తాగుతారు.”

“అందరు ఒక్కదాంతోనా? ఎంగిలి గాదా?” అంది అత్త.

“దొరలకు ఎంగిలేమిటండీ.”

అత్త ఆలోచించింది. క్లబ్బు గేటు దగ్గర చెరుకు రసం బండి గంటలు మోగుతున్నాయి. “అయితే పాండ్రి,” అంది. “అది పుట్టి ఇన్నేండ్లైంది, ఒక్కపారన్న దాని పని దాన్ని చెయ్యనియ్యుండ్రి. ఎంగిలి గాకుంట ఎత్తిపోసుకుందాం.”

అలా మేం అయిదుగురం గేటు బయట ఎండలో నిలబడ్డాం. బండివాడు కప్పు చూసి గ్లాసులు వెనక్కి పెట్టుకున్నాడు. నిండా రసం పట్టాడు. కార్యదర్శి తల వెనక్కి వాల్చి, పెదవి తగలకుండా, చుక్క కింద పడకుండా తాగాడు. టీచరమ్మా అంతే. అత్త కొంచెం చిందించింది. తరువాత టీచరమ్మ ఒక చెవి పట్టుకొని రెండోది నా వైపు తిప్పింది. అందుకున్నాను. రెండు చెవుల కప్పును గాలిలో ఎత్తి పోసుకోవడం తేలిక కాదు. అంచు వెడల్పు, ధార ఎటు వస్తుందో తెలియదు. మొదటి గుక్క నోట్లో పడింది. మిగిలిందంతా గడ్డం మీదుగా ఇస్త్రీ చొక్కాలోకి దిగింది. బండివాడితో సహా అందరూ నవ్వారు. చల్లటి రసం పొట్ట దాకా జారుతుంటే నేను కప్పు వదల్లేదు.

అత్త పట్టుచీర కొంగుతో మూతి తుడుచుకుంది. “కప్పు పి తోని అయిపోయింది,” అంది. “ఎవరందుకుంటరు?”

మేం ఒకరినొకరు చూసుకున్నాం. పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడని టీచరమ్మ భర్త నా చేతుల్లోంచి కప్పు తీసుకున్నాడు.

“పోర్ట్‌మాంటో,” అన్నాడు. “తోలు పెట్టె. మా తాత దాన్ని నెత్తిన పెట్టుకునే బోధన్ స్టేషన్లో దిగాడండీ. ఇప్పటికీ మా ఇంట్లో విత్తనాలు దాంట్లోనే పోస్తాం.” అని, బండివాడి వైపు తిరిగి, “ఈసారి నిమ్మకాయ పిండు బాబూ,” అన్నాడు.

దాని చివర యు. అత్త నా వైపు చూస్తోంది. తడిసిన చొక్కాతో, గుండె దడదడలాడుతుండగా, నేను యు తో ఒక మాట వెతకడం మొదలుపెట్టాను.